సైదులు కుడి భుజం

2019 వానాకాలం. మిర్యాలగూడలో ఫిజియోథెరపిస్టుగా నాకది ఏడో ఏడు. సైదులు అనే హమాలీకి పక్షవాతం వచ్చిందని, సూర్యాపేట దవాఖానలో ప్రాణం గట్టెక్కిందని చెప్పి పిలిస్తే, రైస్ మిల్లుల వెనక ఉన్న అతని ఇంటికి వెళ్లాను. యాభై ఏళ్లుంటాయి. బస్తాలు మోసి గట్టిపడిన ఒళ్లు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మాత్రం మిగిలింది.

"కాలు రాకుంటె మానె మేడం, చెయ్యి రావాలె. నా బువ్వ నేను తినాలె" అన్నాడు.

ఫిజియోథెరపీ అంటే మాలిష్ అనుకుంటారు చాలామంది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పక్షవాతంలో చెడేది చెయ్యి కాదు, దాన్ని నడిపే మెదడు భాగం. ఒకే కదలికను వందలసార్లు చేయిస్తే, మెదడులో మిగిలిన భాగం ఆ పనిని మెల్లగా నేర్చుకుంటుంది. రోజూ పదకొండింటికి వెళ్లి చేయించేదాన్ని. మిగతా పూటల కోసం అతని భార్య లక్ష్మమ్మకు నేర్పాను. పదిహేనో రోజున చూపుడువేలు కాస్త ముడుచుకుంది. "కదిలింది! సూడే, కదిలింది!" అని సైదులు ఏడ్చేశాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఆ తర్వాతి వారం చెయ్యి ముట్టుకోనివ్వలేదు. చొక్కా విప్పించి చూశాను. భుజం ఎముక కింద రెండు వేళ్లు పట్టేంత గుంట. దీన్ని సబ్‌లక్సేషన్ అంటాం, అంటే కీలు గూటిలోంచి సగం జారడం. కండరాలు పట్టు వదిలేసిన చేతిని ఎవరు లాగినా ఇదే జరుగుతుంది.

"ఎవరు లాగారు?" అని లక్ష్మమ్మ మీద అరిచాను.

"నేనెందుకు గుంజుత మేడం! పొద్దుగాల మిల్లుకు పోయేటప్పుడు ఆయన ముఠావోళ్లు వచ్చి తానానికి లేపుతరు. ఆ మనిషిని లేపుడు నాతోని ఏడయితది?"

ముఠా అంటే కలిసి బస్తాలెత్తే హమాలీల జట్టు. మర్నాడు ఆరింటికే వెళ్లాను. జట్టు పెద్ద యాదగిరి ఒక చెయ్యి, ఇంకొకతను ఇంకో చెయ్యి పట్టుకుని, బస్తా మూలలు పట్టి లేపినట్టే ఒక్క ఊపున లేపబోయారు. ఆగండని కేకేశాను.

"ఇన్నాళ్లూ నొప్పని చెప్పలేదేం?" అని సైదులును అడిగాను.

"పాపం, పని ఇడిసిపెట్టి వస్తున్నరు. నొస్తదంటె రేపటిసంది రారేమోనని ఓర్సుకున్న."

భుజానికి ఆసరా కట్టాను కానీ అప్పటికే ఆలస్యమైంది. నొప్పికి భయపడి చెయ్యి కదపనివ్వలేదు. కదపని చెయ్యి బిగుసుకుపోయింది. ఆ వేలు మళ్లీ ముడుచుకోలేదు. ఆరు నెలలకు కర్ర పట్టుకుని నడిచాడు. ఎడమ చేత్తో తిననని మొండికేస్తే లక్ష్మమ్మే మూడు పూటలా తినిపించేది. ముద్ద ముద్దకూ అతను కళ్లు మూసుకునేవాడు.

ఒకరోజు యాదగిరి నా క్లినిక్కుకు వచ్చాడు. "మేం గుంజినందుకేనా మేడం?"

అబద్ధం చెప్పలేకపోయాను. "అవును. కానీ మీకు చెప్పకపోవడం నా తప్పు" అన్నాను.

"ఒక్క మాట చెప్పుంటె ఈపు మీద మోసుకపోతుంటిమి గద మేడం" అన్నాడు.

పరీక్షలో ఈ సబ్‌లక్సేషన్ గురించి పేజీలకు పేజీలు రాసినదాన్ని, ఆ ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, చెయ్యి పట్టుకునే ముందే ఈ మనిషిని పొద్దున ఎవరు లేపుతారని అడుగుతాను. వాళ్లు వచ్చేదాకా కూర్చుంటాను.