గోడకు తోడల్లుడు

ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ళకు మర్దన చేయడం నా ఉద్యోగం. బల్ల మీద బోర్లా పడుకున్న మనిషికి ఎదుటివాడి ముఖం కనిపించదు కనుక మనసులో మాట సులువుగా బయటికొస్తుంది. మా రెండో గోల్‌కీపరు తన కథంతా నాకు అలాగే చెప్పుకున్నాడు, ఒక్కో మ్యాచ్‌కి ఒక్కో ముక్క చొప్పున.

అతన్ని అందరూ బెంచీ అనేవాళ్ళు. తొమ్మిదేళ్ళుగా క్లబ్బులో ఉన్నా మైదానంలో దిగింది పదకొండు సార్లే. మిగతా మ్యాచ్‌లన్నీ చేతితొడుగులు ఒళ్ళో పెట్టుకుని, గీత అవతల కూర్చుని చూసినవే. మొదటి గోల్‌కీపరుని జనం గోడ అని పిలిచేవాళ్ళు. వీళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళను చేసుకున్నారు. గోడ భార్య పెద్దది, బెంచీ భార్య చిన్నది. ఆ సంబంధం కుదిర్చింది కూడా గోడే. దాంతో మైదానంలోనూ, అత్తగారింట్లోనూ మనవాడిది రెండో స్థానమే అయింది. ఆదివారం భోజనాల దగ్గర మామగారు పెద్దల్లుణ్ణి ఆట గురించి గంటసేపు అడిగి, తర్వాత ఇతని వైపు తిరిగి "నీ జలుబు తగ్గిందా బాబూ?" అనేవాడట.

"పెళ్ళైనప్పట్నుంచీ ఆయనకి నా గురించి తెలిసింది ఆ జలుబొక్కటే" అన్నాడొకసారి బెంచీ.

గోడ చేతుల్లోంచి బంతి జారితే అతనికి కడుపులో ఎక్కడో చల్లగా ఉండేదట. వెంటనే సిగ్గేసేదట. బంతి మళ్ళీ అటు వెళ్ళేసరికి ఆ సిగ్గు కాస్తా మాయం. ఈ మాట చెప్పినప్పుడు అతని భుజాలు నా చేతుల కింద రాయిలా బిగుసుకున్నాయి.

ఆ సీజన్లో పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు మా మైదానానికొచ్చి, మమ్మల్ని సున్నాకి మూడుతో ఓడించి పోయింది. మూడు గోల్సూ ఇరవై నిమిషాల్లో పడ్డాయి. మొదటి రెండిట్లో గోడ కుడివైపు కదిలితే బంతి ఎడమవైపు దూరింది. మూడోదానికి అసలు కదలనే లేదు. బెంచీ ఇంటికెళ్ళేసరికి భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"మీ బావ అమ్ముడుపోయాడు" అన్నాడు గుమ్మంలోనే.

"ఎవరన్నారు?"

"ఎవరో అనాలా? నా కళ్ళతో నేను చూశాను."

"మీ కళ్ళు ఆటని చూశాయా, బావని చూశాయా?" అందావిడ, చేతిలో చొక్కా మడత ఆపకుండానే. "అక్క ముందు మాత్రం ఈ మాట అనకండి. మీకు దణ్ణం పెడతాను."

అక్క ముందు అనలేదు. లీగ్ ఆఫీసుకు సంతకం లేని ఉత్తరం రాశాడు. గోడ మ్యాచ్ అమ్ముకున్నాడని, తనలాంటి గోల్‌కీపర్లకే అది తెలుస్తుందని రాశాడు. వారం తిరక్కుండా విచారణ మొదలైంది. అది తేలేవరకు గోడ ఆడకూడదన్నారు. మొదటి నంబరు చొక్కా బెంచీ ఒంటి మీదికొచ్చింది.

విచారణకి వచ్చినావిడ రిటైరైన జడ్జి. ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడింది. బెంచీని కూర్చోబెట్టి అడిగిందట:

"ప్రొఫెషనల్ మ్యాచ్‌ని ముందే అమ్ముకోవడం నిజంగా కుదురుతుందా?"

"ఎందుకు కుదరదు మేడమ్! పదకొండు మందీ అక్కర్లేదు. ఒక్కడు అర అడుగు ఆలస్యమైతే చాలు. దాన్ని తప్పు అనుకుంటారు గానీ తప్పుడు పని అనుకోరు."

"ఆ ఒక్కడూ గోల్‌కీపరే అయ్యుండాలా?"

"గోల్‌కీపరైతే సులువు కదా."

"సరే. రెండో గోల్ పడ్డప్పుడు మీ స్టాపర్ ఎక్కడున్నాడు?"

స్టాపరంటే గోల్‌కీపరుకి సరిగ్గా ముందు కాపలా ఉండే ఆటగాడు. బెంచీ ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఇరవై నిమిషాలూ అతని చూపు గోడ మీదే ఉంది. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని "వెళ్ళొచ్చు" అంది.

తర్వాత మూడు మ్యాచ్‌లాడాడు. బాగానే ఆడాడు. గ్యాలరీలో కొందరు "బెంచీ, బెంచీ" అని అరుస్తూ చప్పట్లు కొట్టారు. మామగారు కూడా వచ్చి చూసి, భుజం తట్టి, "బాగా ఆడావు బాబూ. ఇంతకీ పెద్దవాడి విచారణ ఎంతవరకు వచ్చింది?" అన్నాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, మా ఆటగాళ్ళకి బూట్లు తెచ్చే మనిషి డ్రెస్సింగ్ రూమ్‌కి వచ్చాడు. బెంచీ కాళ్ళ ముందు గొంతుక్కూచుని, కొత్త బూటు తొడిగి, బొటనవేలి దగ్గర నొక్కి చూస్తూ తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"శనివారం ఓడిపోవాలి సార్. మీరేం చెయ్యక్కర్లేదు. స్టాపర్ మా మనిషే. బంతికీ మీకూ మధ్య అడ్డం నిలబడతాడు, మీకు కనిపించదు. పక్కకి జరగమని మీరు అరవకపోతే చాలు. మీ తోడల్లుడి విచారణ సీజనంతా సాగేలా మేం చూసుకుంటాం. ఈ చొక్కా మీదే."

బెంచీ కాలు వెనక్కి లాక్కున్నాడు. "మా అన్నయ్య కూడా ఇలాగే ఒప్పుకున్నాడా?"

"ఆయనా! మాట పూర్తి కాకముందే బూటు తీసి నా మొహాన కొట్టాడు. అందుకే ఆయనకి తెలీకుండా స్టాపర్‌తో కానిచ్చాం. మీరలా కాదని, పరిస్థితి తెలిసినవారని..."

ఇక్కడిదాకా చెప్పి బెంచీ బల్ల మీద లేచి కూర్చున్నాడు.

"నాకు ఉన్నపళంగా నీతి పుట్టుకొచ్చిందనుకోకు. మా తోడల్లుడు మొహాన కొట్టినదాన్ని నేను చేతులు చాచి తీసుకోవాలా? చచ్చేదాకా అందులో కూడా వాడే పైన ఉండడూ? ఆ కుళ్ళుతోనే వద్దన్నాను."

శనివారం తొంభై నిమిషాలూ "పక్కకి జరుగు, జరుగు" అని స్టాపర్ మీద అరుస్తూనే ఉన్నాడు. గొంతు పోయింది. మేం ఒక గోల్‌తో గెలిచాం. సోమవారం పొద్దున్నే వెళ్ళి జడ్జిగారికి అంతా చెప్పేశాడు. మ్యాచ్‌కి ముందే ఎందుకు చెప్పలేదని ఆవిడ అడిగితే, ఇంకొక్కసారి ఆడాలనిపించిందని నిజమే చెప్పాడు.

స్టాపర్ ఒప్పుకున్నాడు. అతన్నీ, బూట్ల మనిషినీ ఆట దరిదాపులకి రానివ్వకుండా చేశారు. గోడ మళ్ళీ గోల్‌లోకొచ్చాడు, మనవాడు మళ్ళీ బెంచీ మీదికి వెళ్ళాడు.

ఆ ఆదివారం భోజనాలయ్యాక బెంచీ తోడల్లుణ్ణి బట్టలారేసే డాబా మీదికి తీసుకెళ్ళాడు.

"అన్నయ్యా, ఆ ఉత్తరం రాసింది నేనే."

"తెలుసు."

"ఎలా?"

"విచారణలో నాకు చూపించారు. మీ పెళ్ళి శుభలేఖల మీద అడ్రసులన్నీ నా పక్కన కూర్చుని రాశావు. నీ రాత నాకు తెలీదా?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నిన్నూ పక్కన పెట్టేవాళ్ళు. గోల్‌లో ఎవరు నిలబడతారు?" గోడ తీగ మీద తడి తువ్వాలు సర్దాడు. "కోపం లేదనుకోకు తమ్ముడూ. నీతో మామూలుగా మాట్లాడాలంటే నాకు చాలా రోజులు పడుతుంది. మీ వదినకి మాత్రం చెప్పలేదు, చెప్పను."

"నాలుగు తగిలిస్తాడనుకున్నాను. తగిలిస్తే బాగుండేది. ఆ పెద్దరికం చూశాక ఇంకా మండింది" అని బెంచీ నాతో అన్నాడు.

సీజన్ అయిపోగానే రెండు గంటల రైలు దూరంలో ఉన్న చిన్న క్లబ్బుకి మారిపోయాడు. అక్కడ గ్యాలరీ ఒక వైపే ఉంటుంది, స్నానాల గదిలో వేడినీళ్ళు సగంమందికే వస్తాయి. అయినా మొదటి గోల్‌కీపరు ఇతనే. ఏడు నెలల తర్వాత గోడే ఫోన్ చేసి భుజం నొప్పి ఎలా ఉందని అడిగాడట.

ఆ భుజం కోసమే మొన్న నా దగ్గరికొచ్చాడు. మోకాళ్ళు కాస్త బిగుసుకుపోయాయి గానీ, మనిషి బాగున్నాడు.

"ఇప్పుడైనా మనసు కుదుటపడిందా?" అనడిగాను.

"సోమవారం పేపరు రాగానే మా ఫలితం కంటే ముందు మీ క్లబ్బుదే చూస్తాను. వాడికెన్ని గోల్స్ పడ్డాయో అని."

"ఒక్కటీ పడకపోతే?"

"ఆ రోజు మా ఆవిడ నాతో ఆచితూచి మాట్లాడుతుంది" అన్నాడు.