కత్తెర పెట్టేముందు

పోయిన వారం రాజమండ్రి నుంచి ఒకాయన పాత పేపర్లో చుట్టిన పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. విప్పకముందే వాసన తగిలింది. తడిసి ఆరిన కాన్వాసు, చిలుము పట్టిన ఇత్తడి, ఎవరిదో పాత చెమట. రెండో ప్రపంచయుద్ధకాలపు బ్రిటిషు సైనికుల బెల్టులు, భుజం పట్టీలు, తూటాల సంచులు పోగుచేసే వాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. అవి అసలువో నకిలీవో తేల్చుకోవడానికి అమలాపురంలో ఈ ముసలమ్మని వెతుక్కుంటూ వస్తారు. ఈ విద్య మీకెలా అబ్బిందండీ అని అడగని వాళ్లు లేరు. కాఫీ ఇచ్చి మాట తప్పిస్తుంటాను. స్టోరు సూర్రావుగారి గురించి చెప్పకుండా దానికి జవాబు చెప్పలేను, ఆయన గురించి చెబితే నా గురించీ చెప్పుకోవాలి.

యుద్ధంలో ఆయన తుపాకీ పట్టలేదు. సైన్యం గోదాములో సామాన్లు లెక్కచూసి ఇచ్చే పని చేశారు. అందుకే ఇంటిపేరు పోయి ‘స్టోరు’ నిలిచింది. యుద్ధం ముగిశాక ఊరొచ్చి కాన్వాసు కుట్టే కొట్టు పెట్టారు. పొట్టి మనిషి, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, ఏ పనీ చప్పున తెమల్చని నిదానం. మిగిలిపోయిన సైన్యం సరుకు వేలం వేస్తే, మూటలు మూటలుగా పడవల మీద కాలవ వెంట వచ్చేది. వాటిని కోసి ఎడ్లకి పట్టెడలు, బడిపిల్లలకి సంచులు, కొబ్బరికాయలు దింపేవాళ్లకి నడికట్లు కుట్టేవాళ్లం. నేను ఆ కొట్లో మిషను కుట్టడానికి చేరేటప్పటికి నాకు పాతికేళ్లు దాటాయి. పెళ్లయిన రెండేళ్లకే మా ఆయన సైన్యంలో చేరారు. మలయా నుంచి ఒక్క ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత, ఆచూకీ తెలియడం లేదని తంతి వచ్చింది. అత్తగారూ నేనూ బావగారి ఇంట్లోనే ఉండేవాళ్లం. తిండికి లోటు లేదు. చేతులు ఊరికే ఉంటే మనసు ఊరుకునేది కాదు, అంతే.

చేరిన రోజునే ఒక బెల్టు మీద కత్తెర పెట్టాను. సూర్రావుగారు బల్ల అవతలి నుంచి లేచొచ్చి బెల్టు లాక్కున్నారు.

“కత్తెర పెట్టేముందు లోపల చూడాలమ్మా. ఇది ఒకరి నడుముకి ఉండి వచ్చిందండి” అన్నారు.

కోపం వస్తే ఆయన ‘అండి’ ఎక్కువయ్యేది. ఆ రోజు నుంచి లోపల చూడడం నేర్పారు. ఇంగ్లండు రాజుగారి సొత్తని చెప్పే బాణం ములికి గుర్తు, పక్కన తయారుచేసినవాళ్ల అక్షరాలు, కింద ఏడాది. ఇంగ్లండు నేతైతే ఒకటే మందపు పట్టీ. నూలుకి ముందే రంగు వేసి నేస్తారు కాబట్టి అరిగిన చోట కూడా అదే రంగు. మన దగ్గర యుద్ధపు హడావిడిలో చేసినవాటిలో రెండు పల్చటి పట్టీలు కలిపి కుట్టినవి ఉండేవి. సిపాయి పేరో సైన్యం నంబరో ఉన్న బెల్టుని ఆయన కొయ్యనిచ్చేవారు కాదు. రేకు పెట్టెలో దాచి, ఎవరిదో కనుక్కోమని సైన్యం ఆఫీసుకి కార్డు రాసేవారు. అది వ్యాపారం చేసే పద్ధతి కాదని ఊరంతా నవ్వింది. మొదట్లో నేనూ నవ్వాను.

ఆ పట్టుదల ఎందుకో ఓ మధ్యాహ్నం ఆయనే చెప్పారు. కొట్టు పెట్టిన కొత్తలో కపిలేశ్వరపురం వైపు నుంచి ఒక తల్లి సైన్యం సంచి తెచ్చి, ఇది మా అబ్బాయిదేనా అని అడిగిందట. ఆవిడ వాలకం చూసి జాలేసి, సరిగా చూడకుండానే అవునన్నారట. వాళ్లు కర్మ చేసేశారు. ఏడాది తిరక్కుండా కొడుకు నడుచుకుంటూ వచ్చాడు. కర్మ జరిగిపోయిన మనిషిని గుమ్మం ఎక్కనివ్వడానికి పురోహితుడు మళ్లీ నామకరణం చేయించాడు, కట్టుకున్న పెళ్లానికే మళ్లీ తాళి కట్టించాడు. అది చెప్పి సూర్రావుగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

తంతి వచ్చి పన్నెండేళ్లు కావొచ్చింది. మా వైపు, పన్నెండేళ్లు ఆచూకీ లేని మనిషికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. ఆ మంటతో నా బొట్టూ గాజులూ పోతాయి. ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదుగానీ పంచాంగం తిరగేసే చప్పుడు వింటేనే నేను పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని. మంచంపట్టిన అత్తగారు కబురేమైనా వచ్చిందా అని రోజూ అడిగేవారు. అలాంటి రోజుల్లో బావగారు ఒక బెల్టు పట్టుకుని కొట్టుకొచ్చారు. సఖినేటిపల్లి రేవులో బర్మా నుంచి వచ్చిన మనిషి ఇచ్చాడన్నారు. చనిపోయిన సిపాయి ఒంటి మీద నుంచి తీశాడట. లోపల మా ఆయన నంబరు సిరాతో రాసి ఉంది. ప్రతి ఉత్తరం మీదా రాసి రాసి నాకు కంఠతా వచ్చిన నంబరు.

సూర్రావుగారు బెల్టు తీసుకుని భూతద్దం పెట్టారు. నేను మిషను తొక్కుతూనే ఉన్నాను. కుట్టు ఎటు పోతోందో చూసుకోలేదు. చివరికి నన్ను పిలిచి గుర్తు కింద ఉన్న ఏడాది చూపించారు. బెల్టు తయారైంది తంతి వచ్చిన మరుసటి ఏడాది.

“అయితే అప్పటికి బతికే ఉన్నారండి” అన్నాను. పన్నెండేళ్లలో అంత ఆనందం నేనెరగను.

ఆయన ఆ సంతోషాన్ని అక్కడే వదిలేసి ఉంటే నేను ఆయన్ని దేవుడిలా చూసుకునేదాన్ని. వదల్లేదు. సిరా చూడమన్నారు. చాకలి గుర్తు బట్టతోపాటే వెలిసినట్టు, బెల్టు అరిగిన కొద్దీ నంబరూ అరగాలి. ఇక్కడ అరిగి నున్నబడిన నేత మీద నంబరు చెక్కుచెదరకుండా కూర్చుంది.

“బెల్టు అసలుదేనమ్మా. నంబరు మాత్రం ఈ మధ్య రాసింది. ఇది మీ ఆయన పోయేరనీ చెప్పదు, ఉన్నారనీ చెప్పదు. చెప్పనిదాన్ని మనం చెప్పించకూడదు.”

బావగారు తల దించుకున్నారు. కాకినాడ పాత సామాన్ల బజారులో కొని, నంబరు తానే రాశానని ఒప్పుకున్నారు. ఆనవాలంటూ ఒకటి చూపిస్తే అమ్మ కుదుటపడి కన్నుమూస్తుందని ఆశ. ఆయన కళ్ల నీళ్లు చూస్తే తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఒక్కసారి ఇంటికొచ్చి అవుననండి, అమ్మ కోసం, అని సూర్రావుగారిని బతిమాలారు.

“ఆయ్, మీ బాధ తెలుసండి. కొట్లో అనలేని మాట మీ ఇంటికొచ్చీ అనలేనండి” అన్నారాయన.

ఇంటికెళ్లి అత్తగారికి నేనే చెప్పాను. ఆవిడ బెల్టు చేతిలోకి తీసుకుని చాలాసేపు తడిమారు. ఎవరి బిడ్డదో పాపం అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, “వాడి సంగతి తెలిసేదాకా నువ్వు బొట్టు తియ్యకు. ఎవరేమన్నా నేనన్నానని చెప్పు” అన్నారు. బొమ్మ చెయ్యలేదు. ఆ కార్తీకంలో ఆవిడ పోయారు. ఆవిడ మాట దాటి నన్ను అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సంగతి ఇప్పటికీ తెలియలేదు. సూర్రావుగారి మీద నాకు ఏళ్ల తరబడి కోపం ఉండేది. ఆయన పోయాక ఆ రేకు పెట్టె నా దగ్గరికొచ్చింది. కోపం ఎప్పుడు పోయిందో గుర్తులేదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి ఎంత గుండె కావాలో, జనం నా ముందు పొట్లాలు విప్పడం మొదలుపెట్టాకే అర్థమైంది.

రాజమండ్రి ఆయన బెల్టుని కూడా తిప్పి లోపల చూశాను. బాణం ఉందా, ఏడాది ఉందా, నేత ఎక్కడిది అని చూస్తున్నానని ఆయన అనుకున్నాడు. అవన్నీ తర్వాత చూస్తాను. ముందు ఒక నంబరు వెతుకుతాను. అది లేదని రూఢి చేసుకున్నాకే ఊపిరి పీల్చి, మిగతావీ చూసి, “అసలుదేనండి” అంటాను.