మెత్తటి సీటు మీద పగ

పగ పట్టుడు పాములకే ఎరుకంటరు. నాకు గుడ ఎరుకే.

గిర్నీల పట్టిచ్చిన పసుపు సంచులకు నింపి, సైకిల్ మీద ఊరూరు తిరిగి అమ్ముత నేను. ఆర్మూర్ల బయలెల్లితె ఆలూరు, ఒక్కోపారి మోర్తాడ్ దాక. అంతకుముందు బీడీలు చేసేది. చాట ఒళ్ళె వెట్టుకొని పొద్దుందాక వంగి కూసుంటె నడుము పోయింది. సైకిలే నన్ను లేపింది. గది బందైతె మల్ల చాటనే దిక్కు.

పాత సీటు చినిగితె, మార్కెట్ తొవ్వల సైకిల్ దుకాణమాయన దగ్గరికి పోయిన.

"దూరం పోయేదానివి చెల్లె, గీ మెత్తది ఏస్కో. పరుపు లెక్క ఉంటది" అన్నడు.

ఒత్తి చూస్తె బొటనేలు దిగవడ్డది. నమ్మిన.

ఆలూరు పోయి రాంగ మంచిగనే ఉండె. మోర్తాడ్ తొవ్వల స్పాంజి అణిగి, రెండు పక్కల ఉబ్బి, తొడలను ఒరుసుడు వెట్టింది. మోర్తాడ్ వోయి వచ్చేసరికి తోలు లేసింది. కొబ్బరినూనె రాసుకొని బోర్ల పండుకుంటె, మా అత్త తలుపుకాడ నిలవడి, "ఏందే, గుర్రమెక్కి పోయినవా?" అని నవ్వింది. నవ్వి ఊకోలే, నా బీడీల చాట కడిగి ఎండకు వెట్టింది.

దుకాణానికి పోతె ఆయన సీటు దిక్కు గుడ చూడలే. "సీటు మంచిదే చెల్లె, నీ కూసునుడే మంచిగ లేదు" అన్నడు. ఉన్నోళ్ళంత నవ్విండ్రు. ఇంటికచ్చి పసుపుకొమ్ములు రోట్లేసి దంచిన. దంచింది కొమ్ములను కాదు, గా మాటను.

పసుపు సీజన్ దాక ఆగిన. కాంటా కోసం ఆగిన రైతులతోని ఆయన దుకాణం ముంగట మస్తు మంది. గప్పుడు పోయిన.

"అన్నా, నాకు కూసునుడు రాదంటివి. పరుపు లెక్క ఉంటదన్న గీ సీటు మీద మోర్తాడ్ తొవ్వల జర దూరం పోయి రా. చూసి నేర్సుకుంట."

"నాకు పనున్నది చెల్లె."

"దుకాణం నేను చూస్త, పో."

ఒక ముసలి రైతు అందుకున్నడు: "పోరాదు సేటు, పరుపన్నవట, జర పండుకొని రా!"

అందరు గొల్లుమన్నరు. ఇగ తప్పలే ఆయనకు.

ఆయన స్టూలు మీద నేను కూసొని తొవ్వ చూసిన. వచ్చేటప్పుడు సీటు మీద లేడు. పెడల్ల మీద నిలవడి తొక్కుకుంట వచ్చిండు. దిగి గోడ వట్టుకున్నడు. నాకు పండుగకు గుడ గంత సంబురం కాలే.

గా గోడకే ఆయన సొంత సైకిల్ ఆనిచ్చి ఉన్నది. గట్టి తోలు సీటు, వాడి వాడి నున్నగైంది. మాకేమో పరుపు, ఆయనకేమో తోలు!

"అన్నా, గది ఇప్పి నాకు బిగించు."

"గది నాది చెల్లె!"

"అందుకే."

మంది చూస్తుండ్రు. ఆయన పానా వట్టిండు.

మొదట్ల గది గుడ సతాయించింది. కని తొడలను ఒరుసుకోలే. తొక్కంగ తొక్కంగ నా కూసునుడుకు తగ్గట్టు దిగింది. ఇప్పుడు మోర్తాడ్ వోయి రాంగ గుడ ఫికర్ లేదు. ఆయన మెత్తది ఏస్కొని తిరుగుతుండు.

మా ఇంటి నుంచి ఆయన దుకాణం ముంగటినుంచి పోతె నాకు సుట్టు తొవ్వ. అయినా గట్లనే పోత, బెల్ కొట్టుకుంట.