తెలుగులోనే మాట్లాడాలి

జనగామలో బస్సెక్కి, తొర్రూరులో మరొకటి మారి, దంతాలపల్లి అవతలి బాలికల వసతి పాఠశాల ముందు దిగేసరికి వసంతకు నడుము కొయ్యబారిపోయింది. నిన్నంతా జనగామ పిల్లలతో సరిపోయింది. రేపు భూపాలపల్లి వైపు ఘనపూర్ పోవాలి. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున మూడు జిల్లాల హాస్టళ్లు తిరుగుతూ, ఒక్కొక్క పిల్లను ఎదుట కూర్చోబెట్టుకుని గోడు వినడమే ఆమె ఉద్యోగం. "ఊరందరి పిల్లలతోని మాట్లాడుతవు, ఇంటికొస్తె నోట్లె నీళ్లు పోసుకున్నట్టు కూసుంటవు" అని భర్త జయపాల్ దెప్పుతుంటాడు.

తరిగొప్పులలో కూలి చేసి కనకయ్య చదివించుకున్న కూతురు వసంత. ఎమ్మెస్‌డబ్ల్యూ పూర్తిచేసి ఈ పనిలో చేరిన కొత్తలో, పిల్లలు నోరు విప్పితే చాలు, సగం కష్టాలు తీరతాయని నమ్మింది. పిల్లలు నోరు విప్పుతూనే ఉన్నారు. పెద్దలు మాత్రం పిల్లను ఆమె ముందుకు తోసి, "జర గట్టిగ కౌన్సిలింగ్ ఇయ్యుండ్రి మేడం, మల్ల గిట్ల చెయ్యొద్దు" అనడం మానలేదు. తాగి బండి నడిపినవాళ్లను పోలీసులు నిలబెట్టి తిట్టి పంపడాన్ని కూడా ఇక్కడ కౌన్సిలింగే అంటారు కనుక, పిల్లలు తిట్లకు సిద్ధపడే వస్తారు. ఆ భయం పోగొట్టడానికే సగం పూట పడుతుంది.

ఆ రోజు తీసుకొచ్చిన పిల్ల మనీషా. లంబాడా తండా పిల్ల, తొమ్మిదో తరగతి. మూడు వారాలుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. పాఠం అడిగితే లేచి నిలబడుతుంది, అంతే. అన్నం కెలికి లేచిపోతుంది. ఇట్లాగే ఉంటే టీసీ ఇచ్చి పంపిస్తామని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పారు. పంపితే ఎక్కడికి? తండాలోని ఇంటికి తాళం వేసి ఉంది. తల్లి గంగి హైదరాబాదులో ఇళ్లు కట్టే దగ్గర పని చేస్తోంది. అక్కడి రేకుల గుడిసెకు చేరిన పిల్ల ఇటుకలు అందిస్తుందే గానీ మళ్లీ బడి ముఖం చూడదు. అట్లా వెళ్లినవాళ్లలో తిరిగి వచ్చిన పిల్లను వసంత ఇంతవరకు చూడలేదు.

మాట్లాడుకోవడానికి ఆటసామాన్ల గది ఇచ్చారు. వార్డెన్ శ్రీలత కూడా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీరు జర బయట కూసుంటరా మేడం?" అంది వసంత.

"నేనుంటె ఏమైతది? నా పిల్లలే గద. గీమె నోరు తెరువది, అయిందేందో మీకు నేనే చెప్పాలె."

చెప్పింది కూడా. మనీషాను పెంచిన నాయనమ్మ చనిపోయింది. పరీక్షలున్నాయని పిల్లను పంపలేదు. ఆ ఆదివారమే తల్లి ఫోన్ చేసింది.

"చెప్పుడేంది మేడం, ఒక్కతీరుగ రాగం తీసింది. ఏడ్సుడో పాడుడో తెల్వది. ఈ పిల్ల గూడ షురూ జేసింది. మా దగ్గర ఫోన్ స్పీకర్‌ల పెట్టి తెలుగులనే మాట్లాడాలె. గందుకే 'తెలుగుల మాట్లాడుండ్రి' అన్న. ఇద్దరు టక్కున ఆపిండ్రు. 'మంచిగ సదువుకో బిడ్డా' అని తల్లి పెట్టేసింది. ఆనాటి సంది గిట్లనే."

"తెలుగులనే మాట్లాడాలెనని ఏడ రాసున్నది మేడం?"

"ఏడుంటె ఏంది? పోయినేడు ఒక పిల్ల వాళ్ల భాషల మాట్లాడుకుంట, మా ముందలనే పిలగానితోని పోయెటందుకు మాట ఖాయం జేసుకున్నది. మెమో నాకొచ్చింది, మీకు రాలే!"

నిజానికి ఆ నిబంధన ఏ ఉత్తర్వులోనూ లేదు. రాసి ఉన్నదానినైతే పట్టుకుని ప్రశ్నించవచ్చు. రాసి లేనిదానిని ఏ కార్యాలయంలో సవాలు చేయాలి?

చిన్నతనంలో వసంత తల్లి వెంట పత్తి ఏరడానికి పోయేది. తండా ఆడవాళ్లూ ఆ చేలలోకే వచ్చేవాళ్లు. ఇంట్లో ఎవరైనా పోతే, అయినవాళ్లు మొదటిసారి ఎదురుపడినప్పుడు మెడలు చుట్టుకుని, పోయిన మనిషి పెట్టిన తిండీ, చేసిన చాకిరీ ఒక్కొక్కటిగా తలుచుకుంటూ రాగం తీసి ఏడ్చేవాళ్లు. ఆ ఏడుపు ముగిసేదాకా ఎవరూ కదిపేవారు కాదు. మాటామంతీ తరువాతే. మనీషాకు ఆ ఏడుపు నడుమ తెగిపోయింది. ఇక మాట ఎక్కడి నుంచి వస్తుంది?

"పిల్లతోని ఒంటరిగ మాట్లాడకుంటె నేను ఏం రాసియ్యలేను మేడం. ప్రిన్సిపాల్ మేడంకు గదే చెప్త," అంది వసంత. శ్రీలత గొణుక్కుంటూ లేచిపోయింది.

వసంత తన ఫోన్ తీసింది. "మీ అమ్మకు కలుపుత బిడ్డా. మీ భాషలనే మాట్లాడు. నాకు ఒక్క ముక్క గూడ రాదు."

మనీషా తలెత్తి చూసింది. "నిజంగ రాదా?"

మూడు వారాలలో ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట అది.

"నిజంగ రాదు."

ఫోన్ కలిపి పిల్ల చేతిలో పెట్టి, తలుపు తెరిచే ఉంచి, వసంత గడప మీద అటు తిరిగి కూర్చుంది. వెనక ఫోన్‌లో గంగి గొంతు ఎత్తుకుంది. పిల్ల గొంతు మొదట వణికి, తడబడి, ఆపై తల్లి రాగాన్ని అందుకుంది. వసంతకు ఏమీ అర్థం కాలేదు. కళ్లు మూసుకుని గోడకు ఆనుకుంది.

శ్రీలత పరుగెత్తుకుంటూ వచ్చింది. "మాట్లాడిపియ్యమంటె ఏడిపిస్తుండ్రేంది? క్లాసులల్ల పిల్లలంత బయటికొచ్చిండ్రు!"

"ఏడ్వనియ్యుండ్రి మేడం. ఎవ్వలు సావలేదా మనిండ్లల్ల?"

శ్రీలత గడప దగ్గరే నిలబడిపోయింది. ఏడుపు ముగిశాక మనీషా చున్నీతో ముఖం తుడుచుకుని ఆమె వైపు తిరిగింది. "మా నాయనమ్మ సచ్చిపోయింది మేడం," అంది, ఆ కబురు ఇప్పుడే అందినట్టు.

"ఎరుకే బిడ్డా," అంది శ్రీలత.

టీసీ మాటను ప్రిన్సిపాల్ ఉపసంహరించుకున్నారు. తెలుగు నిబంధన ఎత్తేయమని వసంత అడిగితే "చూద్దాం" అన్నారు. అట్లాంటి 'చూద్దాం'లు ఆమె చాలా విన్నది. అయినా పైఅధికారులకు రాసింది. జవాబు రాలేదు.

ఒక ఆదివారం బట్టలు ఉతుకుతుంటే ఫోన్ మోగింది.

"మేడం, నేను గంగిని. మనీషా ఇప్పుడే మాట్లాడింది. తెలుగులనే."

"ఏమన్నది అక్కా?"

"'బాగున్న, తిన్న, సదువుకుంటున్న' అన్నది. గంతే. నిజంగనే బాగున్నదా మేడం? మీరు సూసినోళ్లు, జర చెప్పుండ్రి."

వసంత తడి చేయి చీరకు తుడుచుకుంది. "బడిల ఉన్నది అక్కా. ఎటూ పంపలే," అంది. గట్టిగా చెప్పగలిగింది అంతే. బాగున్నదో లేదో తెలియాలంటే పైనెల మళ్లీ ఆ బస్సులెక్కి పోవాలి. వసంత ఇంకేమైనా చెబుతుందేమోనని అవతల గంగి ఫోన్ పట్టుకునే ఉంది.