పోస్టు బాక్సు వదులుకున్న ఏడాది

మొన్న సోమవారం పొద్దున కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకుని కంప్యూటరు తెరిస్తే, ఇన్నేళ్లుగా నేను పాఠకులకు నెలనెలా ఉత్తరం పంపుకుంటున్న సర్వీసు వాళ్లు త్వరలో దుకాణం కట్టేస్తున్నామనీ, పాఠకుల పేర్లన్నీ కొత్త చోటికి మార్చుకొమ్మనీ, అందుకు ఒక్క మీట నొక్కితే చాలనీ సందేశం పెట్టారు. ఒక్క మీటేనట! మా ఆయన పక్కనుంచి చూసి, నొక్కేస్తే ఒక పని అయిపోతుంది కదా అన్నారు గానీ నా వేలు కదల్లేదు. ఇంతకుముందొకసారి, రెండువేల ఆరో ఏడో, ఇలాగే హడావిడిగా నా పాఠకులను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చి, ఒక మనిషిని దారిలో వదిలేసి వచ్చినదాన్ని నేను. పోస్టుమాను సైకిలు బెల్లు వినగానే చేతిలో పని పడేసి వీధిలోకి పరుగెత్తిన వయసు వాళ్లకైతే ఈ సంగతి చెప్పుకోవచ్చనిపించింది.

అప్పుడు కర్నూల్లో బడిపంతులమ్మగా చేస్తూ కథలు రాసేదాన్ని. పుస్తకాలు రెండు వచ్చాక పాఠకుల ఉత్తరాలకు విడివిడిగా జవాబులు రాయలేక, నెలకొక కాగితం రెండువైపులా అచ్చు వేయించి అందరికీ పంపడం మొదలుపెట్టాను. అందులో ఏముండేది? ఏం చదివానో, ఏ కథ ఎక్కడ ఆగిపోయిందో, తుంగభద్రలో నీళ్లు ఎంత మేరకు వచ్చాయో, ఇంట్లో ఏ ఊరగాయ బూజు పట్టిందో, అన్నీ ఉండేవి. ఆదివారం మధ్యాహ్నం మా ఆయన వరండాలో చాప పరుచుకుని కాగితాలు మూడు మడతలు వేసేవారు, నేను కవర్ల మీద పేర్లు రాసేదాన్ని. పేర్లు కూడా అచ్చు వేయించి అంటిస్తే వేళ్లు నొప్పి పుట్టవు కదా అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. పేరు రాస్తున్నప్పుడే ఆ మనిషి గుర్తొచ్చేది మరి. జవాబులు రావడానికి పెద్ద పోస్టాఫీసులో ఒక పోస్టు బాక్సు తీసుకున్నాం. ప్రతి శనివారం బడి వదలగానే కల్లూరు నుంచి షేర్ ఆటో ఎక్కి, ఒళ్లో ఎవరి కూరగాయల సంచో పెట్టుకుని, అక్కడికి పోయి తాళం తీసేదాన్ని. తాళంచెవి ఆటోలోనే తీసి చేతిలో పట్టుకుని కూర్చునేదాన్నంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

ఆ పెట్టెలో తప్పకుండా ఉండేది ఆత్మకూరు చెల్లెలి కార్డు. వరసకు చెల్లెలు కాదు, ముఖం కూడా చూసి ఎరుగను. ఆమె అక్కా అని రాసింది, నేను చెల్లెలన్నాను, అంతే. పెద్ద కిరాణా అంగడి వాళ్ల కోడలు. మొదటి ఉత్తరానికి నేను అలవాటు కొద్దీ ఆమె పేరు కింద భర్త పేరు, దాని కింద అంగడి పేరు రాసి పంపితే, వెంటనే కార్డు వచ్చింది. అంగడి పేరు వద్దనీ, ఆయన పేరూ వద్దనీ, ఆ ఇంటికి వచ్చే టపా అంతా అంగడి పేరు మీదే వస్తుందనీ, ఈ ఒక్కటి మాత్రం తన పేరు మీద రానీయమనీ, పోస్టుమానుకు తనెవరో తెలుసుననీ అందులో రాసింది. అలాగే రాస్తూ వచ్చాను. ఆమె జవాబులు తమాషాగా ఉండేవి. ఒకసారి నా కథలో ఒక మంచి అత్త వస్తే, "ఇంత మంచత్త యాడుండాదో చెప్పండక్కా, పోయి చూసొస్తాం" అని రాసింది. ఆ కార్డు చదివి పోస్టాఫీసు మెట్ల మీద ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

తరువాత ఒక కథలో తూకంలో మోసం చేసే అంగడి ఆమెను రాశాను. ఆ నెల కార్డులో తమాషా లేదు. మావాళ్లు ఎప్పుడొచ్చినా మీ కథల్లో తక్కువ తూకం వాళ్లుగానే వస్తారేమక్కా, నేను కూడా ఆ ఇంటిదాన్నే కదా అని రెండే వాక్యాలు. నిజం చెబుతున్నాను, ఒళ్లు మండిపోయింది. రచయిత్రినన్న పొగరు అప్పుడు నెత్తికెక్కి ఉండేది. ఏదో ఒకటి రాసి సర్దిచెప్పాల్సింది, రాయలేదు. కవరు మీద పేరు మాత్రం రాసి పంపుతూ వచ్చాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పే మా తమ్ముడు, ఇంకా ఈ జిగురూ స్టాంపులూ ఏమిటక్కా, ఈమెయిల్లో పెడితే క్షణంలో లోకమంతా పోతుంది అని వెంటపడ్డాడు. నాకూ సరదా పుట్టింది. చివరి ఉత్తరంతో పాటు ఒక కార్డు పెట్టి, మీ ఈమెయిల్ చిరునామా రాసి నెలలోపు పంపండి, పంపనివారు ఇక వద్దనుకుంటున్నారని భావిస్తాము అని అచ్చు వేయించాం. ఆ రెండో వాక్యం తమ్ముడిది కాదు, నాదే. నెల తిరగ్గానే ఇంకెందుకని పోస్టు బాక్సు తాళంచెవి కౌంటర్లో ఇచ్చేసి వచ్చాను.

ఆత్మకూరు నుంచి కార్డు రాలేదు. చూశావా, ఒక్క కథకే తెంచుకుంది అనుకున్నాను. బాధపడ్డానా అంటే పడ్డాను, కానీ కోపం కింద దాచిపెట్టుకున్నాను. పైగా కొత్తగా హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ గంటలోనే జవాబులు వస్తుంటే, ఆ సంబరంలో కార్డు ముక్కల సంగతి ఎవరికి పడుతుంది?

ఏడాది దాటాక మా ఆడపడుచు తరఫు వాళ్ల పెండ్లికి ఆత్మకూరు పోవలసి వచ్చింది. ముహూర్తం అయ్యాక, భోజనాలకు ఇంకా వేళ ఉందని కాళ్లు ఆ అంగడి వైపే లాక్కుపోయాయి. అంగడిలో కూర్చున్న పెద్దమనిషి, ఆమె భర్తే, నేను ఎవరో చెప్పగానే లేచి నిలబడి, "ఏమ్మా, మీరేనా? లోపల ఉండాది, పోండి. మీ మీద శానా అలిగి ఉండాది" అన్నాడు. నా మీద అలగడమేమిటి, అలిగింది నేను కదా అనుకుంటూ లోపలికి పోయాను.

సన్నటి మనిషి, కందిపప్పు చెరుగుతూ కూర్చుంది. పేరు చెప్పగానే చేట పక్కన పెట్టి, లోపలికి పోయి మూడు కవర్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. మూడింటి మీదా ఆమె చేతిరాతతో నా పోస్టు బాక్సు నంబరు, దాని మీద పోస్టాఫీసు వాళ్లు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి పంపినవారికి తిరిగి ఇవ్వమని రాసిన రాత. మొదటిది విప్పి చదివాను. తనకు ఆ కంప్యూటరు చిరునామా లేదనీ, అది ఎలా తెచ్చుకోవాలో అందరినీ అడిగి చూడడంలో నెల దాటిపోయిందనీ, పాత చిరునామాకే పంపమనీ, తూకం మాట నోరు జారి రాశాననీ, క్షమించమనీ ఉంది. మిగతా రెండు అక్కడ విప్పే ధైర్యం రాలేదు.

"మీరే వద్దని యెనక్కి పంపినారనుకుంటినక్కా. అంత పెద్ద మాట అంటినా నేను?" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. పెట్టె మూసేశామని చెప్పాను, నువ్వన్నది నిజమేనని చెప్పాను, ఆ మాట ఏడాది ముందే చెప్పాల్సిందని చెప్పాను. వస్తూ అంగడిలో కంప్యూటరు చూశాను, దానికి పంపనా అని అడిగితే, "ఆడికొస్తే అది అంగడి టపా అయిపోతాది" అంది. సరే, నీకు మాత్రం మునుపటిలాగే పోస్టులో పంపుతాను, నా చేత్తోనే పేరు రాస్తాను అన్నాను. ఆమె చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"వద్దక్కా. అందరితో పాటు నాకూ వస్తాంటే అది నాది. ఇప్పుడు నా ఒక్కదానికని రాస్తే, పాపమని పంపినట్టుంటాది" అంది.

ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. కాఫీ ఇచ్చింది, బొట్టు పెట్టి రవికగుడ్డ చేతిలో పెట్టింది, వీధి చివరి దాకా వచ్చి సాగనంపింది. నేను అయినా ఊరుకోక ఆ నెలే ఒకటి రాసి పంపాను, తరువాత నెల ఇంకొకటి. రెండింటికీ జవాబు రాలేదు. మూడోది రాయడానికి నాకే ముఖం చెల్లలేదు.

ఇప్పుడు నా ఉత్తరం ఎవరు తెరిచారో, ఎన్ని గంటలకు తెరిచారో కూడా చెప్పే ఏర్పాట్లు వచ్చాయి. తెరవని వాళ్లను జాబితా నుంచి తీసేయమని ఆ యంత్రమే సలహా ఇస్తుంది, చాలామంది రచయితలు తీసేస్తున్నారు కూడా. వాళ్లను తప్పు పట్టను, కాలం అలా ఉంది. యంత్రాల మీద నెపం వేద్దామంటే నాకు మనసొప్పదు, ఆ ఏడు ఏ యంత్రమూ నన్ను ఆపలేదు. కర్నూల్లో పొద్దున బస్సెక్కితే ఆత్మకూరు పోయి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. అంత దూరం కూడా పోనక్కర్లేదు. ఒక కార్డు ముక్క మీద, ఏమ్మా, కోపమొచ్చిందా అని రాసి ఉంటే సరిపోయేది.