మడి మూలన ఒక కట్ట నారు

నా చిన్నప్పుడు వరి మడిలో చేసిన తప్పునే, అరవై దాటాక తారు రోడ్డు మీద మళ్లీ చేశాను. అందుకే పోయిన ఆదివారం నుంచి నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

కామారెడ్డిలో టీచరుగా రిటైరయ్యాక పరుగు మొదలుపెట్టాను. "ఎవలు తరుముతున్నరు టీచరమ్మా?" అని వీధంతా నవ్వినా, ఏడు నెలలుగా రోజూ పొద్దున్నే తాడ్వాయి వైపు రోడ్డు మీద పరుగెత్తుతున్నాను. ఇంకో ఆరు వారాల్లో హైదరాబాదులో పూర్తి మారథాన్, నలభై రెండు కిలోమీటర్లు. దానికి తయారీగా మొన్న ఆదివారం ఇరవై ఒక్క కిలోమీటర్ల పోటీకి వెళ్లాను. మొదట్లోనే కుర్రపిల్లల వెంట పడి నా వయసుకి మించిన వేగంతో పరుగెత్తాను. పదహారో కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేశాయి. మిగతా దూరం కుంటుకుంటూ నడిచి చేరేసరికి అక్కడ టెంటు విప్పుతున్నారు. మెడలో పతకం వేసిన అమ్మాయి "పరవాలేదు ఆంటీ" అంది. ఆ జాలికి ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి, మారథాన్‌కి ఇచ్చిన పేరు వెనక్కి తీసుకుందామని ఫోన్ అందుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది మా మేనత్త.

నాకప్పుడు పదేళ్లు. ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో పోచారం కాలువ నీళ్లు పారి నాట్లు మొదలయ్యాయి. నాట్లేసే ఆడవాళ్లందరికీ మా మేనత్తే పెద్ద. ఎంతో బతిమాలితే నాకూ ఒక చిన్న మునుం, అంటే నా వంతు పట్టె, ఇచ్చింది. పెద్దవాళ్లకంటే ముందే ముగించాలని నాకు పంతం. నారు వేళ్లు బురదలో దిగాయో లేదో చూడకుండా పైపైన గుచ్చుకుంటూ వెనక్కి వెనక్కి పోయాను. అందరికంటే ముందు గట్టెక్కి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. అత్త నా పట్టె వైపు ఒకసారి చూసి, మళ్లీ నాటులో వంగింది.

నాలుగు రోజులకు నన్ను మళ్లీ పొలానికి తీసుకుపోయింది. గట్టు మీంచి చూస్తే అందరి పట్టెలూ పచ్చగా ఉన్నాయి. నా పట్టెలో సగం నారు ఊడి నీళ్ల మీద తేలుతోంది. ముందు సిగ్గేసింది, వెంటనే కోపం ముంచుకొచ్చింది. మొత్తం పీకేసి కొత్తగా నాటాలని మడిలోకి దూకి, నిలబడిన నారును కూడా గుప్పిళ్లతో లాగడం మొదలుపెట్టాను.

అత్త నా చెయ్యి పట్టుకుని, పీకిన మొక్క అడుగు చూపించింది. కొత్తగా వేసిన తెల్లని సన్నటి వేళ్లు తెగిపోయి ఉన్నాయి.

"ఏందే బిడ్డా, పానం పోసుకున్నదాన్ని ఎందుకు పీకుతున్నవ్? పోయిన కాడ పెట్టు, సాలు" అంది.

మడి మూలన బురదలో నిలబెట్టిన నారు కట్ట ఒకటి తెచ్చింది. మా వైపు నాటు ముగిశాక ఖాళీలు నింపడానికి అలా ఒక కట్ట మిగిల్చి పెడతారు. నేను చెడగొడతానని తెలిసే పెట్టావా అని ముఖం మాడ్చుకుని అడిగాను.

"నీ ఒక్కదాని కోసమా? ఇన్నేండ్ల సంది నాటేస్తున్న, నావి గూడ పోతయి" అంటూ తన పట్టెలోకే దిగి, అక్కడక్కడా ఉన్న సందుల్లో నారు పెట్టింది. ఆమె చేతి నాటు కూడా తేలుతుందని నేనెన్నడూ అనుకోలేదు. మధ్యాహ్నం దాకా ఇద్దరం ఖాళీలు నింపాం. నేను కోపంతో పీకినవి మాత్రం బతకలేదు.

పరీక్ష తప్పి పుస్తకాలు విసిరేసిన పిల్లలకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పానో. నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చేసరికి మాత్రం పెద్ద కష్టమే అయింది. పదహారు కిలోమీటర్లు నా కాళ్లు నిలబడ్డాయి, ఏడు నెలల శ్రమ నిలబడింది. పోయింది చివరి అయిదు కిలోమీటర్లు, అదీ మొదట్లో నా తొందర వల్ల. నింపాల్సింది అక్కడే. పేరు వెనక్కి తీసుకోలేదు. కోపం ఇంకా తగ్గలేదు. అది తగ్గేదాకా ఆగితే ఆరు వారాలూ గడిచిపోతాయని, దాన్ని వెంటబెట్టుకునే ఈ ఉదయం రోడ్డెక్కాను.