ప్రాక్టీస్ మ్యాచ్ మీద పంచాయితీ

ఓడిపోయిన అరగంటకల్లా మేమంతా టీ హోటల్లో ఉన్నాం. గెలిచిన రోజు గ్రౌండ్ దగ్గరే గంటసేపు కేకలేసుకుంటూ నిలబడిపోతాం. ఓడిన రోజు మాత్రం ఎవరూ పిలవకుండానే హైవే పక్కనున్న ఆ హోటల్‌కి చేరతాం. ఓటమి గురించి మేం నిలబడి మాట్లాడలేం. కూర్చోవాలి, చాయ్ కావాలి, తిట్టడానికి ఒక మనిషి కావాలి.

మాది పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీ. దాని కబడ్డీ జట్టంటే మాకు ప్రాణం. మేమంటే ఆడేవాళ్ళం కాదు, గీత అవతల నిలబడి అరిచేవాళ్ళం. నేనూ ఒకప్పుడు ఆడాను. మోకాలు పోయాక ఆట మానేశాను గానీ నోరు మానలేదు. ఎవరి పట్టు వదులు, ఎవరి కూత చిన్నది, ఎవరు బోనస్ గీత దాకా వెళ్ళి భయపడి తిరిగొస్తారు, అన్నీ నన్నే అడగాలి. అడగకపోయినా చెబుతాను. అందుకే ఓడిన ప్రతిసారీ అందరూ మొదట నా మొహమే చూస్తారు.

ఆ ఆదివారం ఆడింది ప్రాక్టీస్ మ్యాచే. జాతరల కాలం మొదలైతే మా చుట్టుపక్కల ఊళ్ళలో వరసగా పోటీలుంటాయి. మొదటిది బొంతపల్లి దగ్గర, దానికింకా మూడు వారాలుంది. ఈలోగా ఒళ్ళు కదులుతుందని పక్కనున్న ఇనుప ఫ్యాక్టరీ జట్టుతో ఆట పెట్టుకున్నాం. పదకొండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. రెండుసార్లు మా ఏడుగురూ అవుటై కోర్టు ఖాళీ అయింది. కూతకు వెళ్ళడంలో మాకు పెద్ద దిక్కు మా రైడర్. అతను వెళ్ళిన ప్రతిసారీ దొరికిపోయాడంటే పెద్ద అబద్ధం కాదు.

ప్రాక్టీస్ మ్యాచే కదా, పోతే పోయిందిలే అనుకోవడానికి లేదు. మా షిఫ్ట్ ఇన్‌ఛార్జే జట్టుకు కోచ్ కూడా. పోటీకి పంపే ఏడుగురి పేర్లు ఆయన మర్నాడు పొద్దున ఆఫీసులో ఇవ్వాలి. ఈసారి ఆ ఏడుగురిలో ఆడే కాంట్రాక్ట్ మనిషిని కంపెనీ రోల్‌లోకి, అంటే పర్మినెంట్‌గా తీసుకుంటామని పైవాళ్ళు మాటిచ్చారు. జట్టులో కాంట్రాక్ట్ మనిషి మా రైడర్ ఒక్కడే. ముప్ఫై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఆరేళ్ళుగా మా పక్కనే నిలబడి మేం చేసే పనే చేస్తున్నాడు. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా అతని గేట్ పాస్ మారుతుంది, బతుకు మాత్రం మారదు. చాయ్ అయిపోయేలోగా ఇన్‌ఛార్జ్ కాయితం మీద అతని పేరు ఉంటుందా, ఉండదా? ఆ సాయంత్రం అసలు సంగతి అదీ. అక్కడున్న అందరికీ అది తెలుసు.

ఇంకొక సంగతి నాకొక్కడికే తెలుసు.

మా పనిలో ఒక కట్టుబాటుంది. మందుల రసాయనాలు కాగే రియాక్టర్ నడుస్తున్నప్పుడు దాన్ని ఒంటరిగా వదలకూడదు. నీ షిఫ్ట్ అయిపోయినా సరే, తర్వాతి మనిషి వచ్చి, లాగ్ షీట్ మీద సంతకం పెట్టి, "ఇగ నువ్వు పో" అన్నాకే కదలాలి. అతను ఎంత ఆలస్యంగా వస్తే అంతసేపూ ముందున్నవాడు నిలబడాల్సిందే. శనివారం రాత్రి పది నుంచి ఆదివారం పొద్దున ఆరు దాకా రైడర్ డ్యూటీ. ఆరుకు అతన్ని ఇంటికి పంపాల్సింది నేను.

ఆరుకు వెళ్ళాను. గేటులో వేలిముద్ర వేశాను. లాగ్ షీట్ మీద సంతకం కూడా పెట్టాను. పెట్టి, "తమ్మీ, జెర ఒక్క గంట చూస్కో, గ్రౌండ్‌ల మట్టి పోపిచ్చి వస్త" అన్నాను. మా గ్రౌండంతా మొరం, గులకరాళ్ళు. పడితే మోచేతులు చెక్కుకుపోతాయి. ఎర్రమట్టి తెప్పించి, జల్లించి, నీళ్ళు చల్లితే మావాళ్ళు దెబ్బలు తగలకుండా ఆడతారని నా తాపత్రయం. ఆదివారం ఇన్‌ఛార్జ్‌కి సెలవు, అడిగేవాళ్ళు లేరు. బాయిలర్ బూడిద తీసుకుపోయే ట్రాక్టర్ ఎక్కి వెనక గేటులోంచి బయటపడ్డాను.

గంట అన్నది ఆరు గంటలైంది. మట్టి ఆలస్యంగా వచ్చింది, జల్లెడ తెగింది, ఆ తర్వాత గీతలు నేను గీస్తే తప్ప సరిగా రావని నాకే అనిపించింది. మధ్యలో రెండుసార్లు రైడర్ ప్లాంట్ ఫోన్ నుంచి చేశాడు. "అన్నా, వస్తున్నవా?" అన్నాడు. "వస్తున్న, వస్తున్న" అన్నాను. పన్నెండుకు వెళ్ళేసరికి గోడకు ఆనుకుని, కళ్ళు తెరుచుకునే నిద్రపోతున్నట్టున్నాడు. కోపంగా ఒక్క మాటనలేదు. "టెంపరేచర్ మంచిగనే ఉన్నదన్నా" అని చెప్పి వెళ్ళిపోయాడు. పద్నాలుగు గంటలు నిలబడిన ఆ కాళ్ళతోనే నాలుగింటికి కోర్టులోకి దిగాడు.

ఎవరికి దెబ్బ తగలకూడదని పొద్దంతా మట్టి జల్లించానో ఆ మనిషి కాళ్ళే తీసేశాను. ఆట జరుగుతున్నంతసేపూ, అతను కూతకు వెళ్ళిన ప్రతిసారీ, అది నాకు తెలుస్తూనే ఉంది. అయినా అలవాటుకొద్దీ అందరికంటే గట్టిగా నేనే అరిచాను.

హోటల్లో పంచాయితీ మొదలైంది. మాలో ఒక పెద్దాయన ఉన్నారు. కోస్తా నుంచి సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి, రిటైరై, కిష్టారెడ్డిపేటలో ఇల్లు కొనుక్కుని ఇక్కడే ఉండిపోయారు. మా జట్టుతో ఆయనకు చుట్టరికమేమీ లేదు, ఉత్త అభిమానం.

"ఏవండీ, గ్రౌండ్ మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. ఆడేవాళ్ళే కుదరలేదు" అన్నారాయన.

ఆటో నడిపే మా దోస్తు ఒకడు నా ఎదురుగా కూర్చున్నాడు. "నువ్వు సెప్పన్నా. మన రైడర్‌కేమైంది ఇయ్యాల?" అని అడిగాడు. ఇన్‌ఛార్జ్ మడత పెట్టిన కాయితం చేతిలో పట్టుకుని నావైపే చూస్తున్నాడు.

అప్పుడే చెప్పేయొచ్చు. రెండు మాటలు చాలు. కానీ చెబితే డ్యూటీ వదిలి పోయానని ఒప్పుకున్నట్టే, అదీ నా డ్యూటీ చార్ట్ రాసే మనిషి ముందు. భయం వేసింది. నిజం చెప్పాలంటే ఉద్యోగం కన్నా ఇంకో భయం ఎక్కువ వేసింది. ప్రతి ఓటమికీ కారణం చెప్పే నేనే ఈ ఓటమికి కారణమని తెలిస్తే ఇక నా మాట ఎవరు వింటారు? పోనీ, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నా బాగుండేది. అదీ చేయలేదు.

"కాళ్లు లేస్తలేవు ఆనికి" అన్నాను.

అబద్ధం కాదు. అతని కాళ్ళు లేవలేదు. నిజం కాబట్టే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది.

"గదే నేనంట" అని ఆటో దోస్తు అందుకున్నాడు. "ఎందుకు లేస్తలేవ్? రాత్రి ఏసుకున్నడు. కండ్లు సూడలే, ఎంత ఎర్రగున్నయో!"

"తాగాడంటారా? అలాంటివాడు కాదనుకున్నానండీ నేను" అన్నారు పెద్దాయన.

"తాగకుంటె గట్లెట్లయితది? గీత జానెడు దూరంల ఉంటే సెయ్యి సాపలే!"

"తాగుడు గాదు, ఆళ్ళతోని మాట్లాడుకున్నడు" అన్నారెవరో వెనక బెంచీ మీద నుంచి. "ఇనుప ఫ్యాక్టరీల కొలువిస్తమన్నరంట."

తలా ఒక మాట వేశారు. నేను అన్న మూడు ముక్కల మీద పది నిమిషాల్లో ఒక తాగుబోతును, ఒక అమ్ముడుపోయినవాణ్ణి తయారుచేశారు. పెద్దాయనే కాస్త ఆలోచించి, "తాగుడు కాదేమో, నిద్ర లేనట్టుందండీ ఆ మొహం" అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఆ మాట అన్నారో లేదో నేను ఎగిరిపడ్డాను. "నిద్రేంది సార్? మ్యాచ్ ఉన్ననాడు పొద్దుగాల్నే పోయి పండుకోవాలె గద!" అన్నాను. చెబుతున్నప్పుడు నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. అయినా ఆపుకోలేదు.

ఇన్‌ఛార్జ్ కాయితం విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. "ఏడుగుర్లకెల్లి ఆని పేరు తీసేస్త. ఎక్స్‌ట్రాల పెడ్త" అని, నావైపు తిరిగి, "నువ్వేమంటవ్?" అన్నాడు. ఆయన ఎప్పుడూ అలాగే అడుగుతాడు. నేను తల ఊపితే రాస్తాడు. చేతిలో గ్లాసు కాలుతున్నా కింద పెట్టాలని తోచలేదు.

అంతలో రైడర్ లోపలికొచ్చాడు. మోకాలికి తడిగుడ్డ కట్టుకున్నాడు, జుట్టులో ఇంకా ఎర్రమట్టి ఉంది.

"ఏంరా, రాత్రి తాగినవా?" అని ఇన్‌ఛార్జ్ సూటిగా అడిగాడు.

"లేదు సార్. నేను తాగనని మీకెర్కనే గద."

"మరి గా కండ్లేంది?"

"నిద్ర సాలలే సార్."

"పొద్దుగాల ఆరింటికి డ్యూటీ దిగినవ్. నాలుగింటి దాంక ఏం జేసినవ్?"

రైడర్ నావైపు చూశాడు. ఒక్క క్షణమే. నేను గ్లాసులోకి చూశాను.

"ఇంటికి సుట్టాలొచ్చిన్రు సార్. పండనియ్యలే" అన్నాడు.

అందరూ గొల్లుమన్నారు. "సుట్టాలు ఏ దుకాణంకెల్లి వచ్చిన్రు బై?" అన్నాడు ఆటో దోస్తు. రైడర్ కూడా వాళ్ళతోపాటు నవ్వబోయాడు, మొహం సహకరించలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను, నా మీదే అయ్యుంటుంది. లేచిన ఊపుకు చాయ్ అంతా చొక్కా మీద ఒలికింది. "బంద్ జెయ్యిండ్రి!" అని అరిచాను. అంతా చెప్పేశాను. ఆరుకు సంతకం పెట్టి వెళ్ళిపోయానని, పన్నెండు దాకా నా బదులు అతనే నిలబడ్డాడని, అప్పుడు నేను గ్రౌండ్‌లో మట్టి జల్లిస్తున్నానని. చెబుతున్నంతసేపూ రైడర్ "వద్దన్నా, ఊకోరాదే" అంటూనే ఉన్నాడు. నా ఉద్యోగం గురించి భయపడుతున్నాడనుకున్నాను. అది కాదని అంతా కక్కేశాక గానీ నాకు తట్టలేదు. నాకైతే మెమో ఇస్తారు, మహా అయితే పదిరోజులు ఇంట్లో కూర్చోబెడతారు. నా సంతకం కింద తను నిలబడ్డందుకు అతన్ని గేటు బయటే ఆపేస్తారు. కాంట్రాక్ట్ మనిషికి మెమోలుండవు.

ఇన్‌ఛార్జ్ కాయితం మీంచి తలెత్తాడు. నెమ్మదిగా అడిగాడు.

"గీ మాట నాకు యాడ సెప్తున్నవ్? ప్లాంట్ల సెప్తున్నవా, హోటల్ల సెప్తున్నవా?"

ప్లాంట్‌లో చెబితే ఆయన రాయాలి. రాస్తే ఇద్దరి పేర్లూ రాయాలి. ధైర్యంగా "ప్లాంట్లనే" అనేయాలని నాకు అనిపించకపోలేదు. కానీ ఆ ధైర్యానికి మూల్యం చెల్లించేది నేను కాదు. రైడర్ తల అడ్డంగా ఊపాడు.

"హోటల్ల, సార్" అన్నాను.

"అయితె నేను ఇన్లే. ఇంకోపారి రియాక్టర్ ఇడిసిపెట్టి జల్లెడ పట్టినవంటె మాత్రం నేనే ఇంటికి పంపుత" అన్నాడు. అని, కాయితం మీద అన్నిటికన్నా పైన రైడర్ పేరు రాశాడు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నారంటారు. మన మద్దెల నిజంగానే ఓటిదండీ" అన్నారు పెద్దాయన నా భుజం తట్టి. అందరూ హమ్మయ్య అనుకున్నట్టు నవ్వారు. ఎవరో ఇంకో చాయ్ చెప్పారు. ఆటో దోస్తు రైడర్‌కి జరిగి చోటిచ్చాడు. తాగాడన్నాం, అమ్ముడుపోయాడన్నాం, తప్పయిందని మాత్రం ఒక్కరూ అనలేదు. రైడర్ కూర్చోకుండానే బయటికి నడిచాడు.

వెనకే వెళ్ళాను. బండి స్టాండ్ తీస్తున్నాడు. బొంతపల్లి వైపు వెళ్ళే లారీలు మా పక్కనుంచే దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి.

"తప్పయింది తమ్మీ. గంటని చెప్పి గంత లేటు చేసిన" అన్నాను.

"లేటుకేముందన్నా. నా బిడ్డ పుట్టినప్పుడు నువ్వు నా కోసం రెండు షిఫ్టులు నిలబడలేదా? గవి నడుస్తయి" అన్నాడు.

నాకు కాస్త ప్రాణం లేచి వచ్చింది. ఇంకేదో అనబోయాను. అతను హోటల్ గోడ పక్కనున్న నీళ్ళ తొట్టి చూపించాడు.

"నేను గప్పటిసంది గా తొట్టి కాడనే ఉన్న. మోకాలు కడుక్కుంటున్న. అందరి మాటలు ఇన్న." బండి ఎక్కుతూ అన్నాడు: "ఫస్టు మాట నువ్వే అంటివన్నా."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. అంటే, నా మాటలన్నీ విన్నాకే లోపలికొచ్చాడు. విన్నాక కూడా చుట్టాల కథ చెప్పి నన్ను కాపాడాడు. అతను బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

బొంతపల్లి దగ్గర అతను ఏడుగురిలో ఆడాడు, బ్రహ్మాండంగా ఆడాడు. నేను జనం వెనక నిలబడి చూశాను, నోరు మెదపలేదు. కంపెనీ రోల్ సంగతి ఇంకా పైన నడుస్తోందని అంటున్నారు.

కానీ ఆ పోటీకి ముందే, ప్రాక్టీస్ మ్యాచ్ తర్వాతి వారం, ప్లాంట్‌లో కొత్త డ్యూటీ చార్ట్ అంటించారు. ఆరేళ్ళుగా అతను దిగితే నేను ఎక్కేవాణ్ణి. ఆ చార్ట్‌లో అతని పేరు కింద ఇంకెవరి పేరో ఉంది. పొరపాటేమోనని ఇన్‌ఛార్జ్ దగ్గరికి వెళ్ళి అడిగాను.

"నేను మార్సలే" అన్నాడు. "ఆడే వచ్చి అడిగిండు."